మోటారు మోహం

కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెటూరు. ఎడ్లబండ్లు, కాలినడక తప్ప మరో ప్రయాణం ఎరగని దారి. ఓరోజు ఆ దారిలో ఒక తెల్లదొర మోటారు సైకిలు మీద వచ్చాడు. ఎద్దులు లాగడం లేదు, మనిషి తొక్కడం లేదు, అయినా బండి పోతోంది. దుమ్ము అణిగాక ఊరి జనం ఎవరి పనికి వాళ్లు వెళ్లిపోయారు. తెలుగు మాట్లాడే ఓ రైతు ఇంటి కుర్రాడికి మాత్రం ఆ బండి మనసులోంచి దిగలేదు. బడి అతనికి ముందునుంచీ గిట్టదు. కోయంబత్తూరు చేరి, హోటల్లో సర్వరుగా కుదిరి, జీతంలోంచి రూపాయి రూపాయి దాచాడు. కొన్నేళ్లకు 300 రూపాయలు చేతిలో పెట్టి ఆ రడ్జ్ మోటారు సైకిలునే కొనుక్కున్నాడు. కొన్నాక దానిమీద ఊరేగలేదు. నట్టు నట్టూ విప్పి నేలమీద పరిచాడు. మళ్లీ బిగించాడు.

ఆ కుర్రాడే జి.డి.నాయుడు. 1893లో పుట్టిన గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1920లో ఒకే ఒక్క బస్సు కొని పొల్లాచ్చి, పళని మధ్య తనే నడిపారు. ఆ ఒక్క బస్సే పెరిగి పెద్ద రవాణా సంస్థ అయింది. 1937లో మన దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారు ఆయన చేతుల మీదుగానే వచ్చింది. 1974లో ఆయన కన్నుమూశారు. 2015లో ఆయన కుమారుడు జి.డి.గోపాల్ కోయంబత్తూరులో కార్ల మ్యూజియం తెరిచారు. తండ్రి విప్పి చూసిన బండితో మొదలైన ఇష్టం, నూరేళ్లు తిరిగేసరికి కొడుకు చేతిలో చరిత్రగా నిలబడింది.

ఒక యంత్రం మీద పుట్టిన ముచ్చట మనిషిని జీవితాంతం ఎందుకు వదలదు? కొనే స్తోమత ఉన్నా లేకపోయినా, నడిపే అవసరం ఉన్నా లేకపోయినా, ఎప్పుడో ఆగిపోయిన మోడల్ వివరాల కోసం రాత్రిళ్లు మేలుకునే మనుషులు ఎలా తయారవుతారు?

ఇప్పుడీ మాట ఎందుకంటే...

2025 జూలై 1. ఢిల్లీలో పెట్రోలు బంకుల దగ్గర కెమెరాలు నంబరు ప్లేట్లు చదవడం మొదలుపెట్టాయి. పదేళ్లు దాటిన డీజిలు బండికి, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండికి ఇంధనం పోయకూడదన్నది ఆదేశం. బంకుల్లో పోలీసులు కాపలా కాశారు. బండి కండిషను ఎలా ఉంది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని ఎవరూ అడగలేదు. పుట్టిన తేదీ ఒక్కటే చూశారు. జనం గగ్గోలు పెట్టడంతో కొద్దిరోజులకే ఆ ఆదేశాన్ని పక్కన పెట్టారు. కానీ చర్చ ఆగలేదు. అదే ఏడాది ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును కేంద్రం 10,000 రూపాయలు చేసింది. మన ఊళ్లలోనూ ఇంటింటా ఇదే ప్రశ్న: నాన్నగారి కారును ఏం చేద్దాం?

గాలి కాలుష్యం చిన్న సమస్య కాదు. ఊపిరాడని పసిపిల్లల ముందు పాత కారు మీద ప్రేమ గురించి వాదించడానికి నేను సిద్ధంగా లేను. రోజూ పొగ చిమ్ముకుంటూ తిరిగే బండి రోడ్డు దిగాల్సిందే. అయితే రోడ్డు దిగిన ప్రతి బండీ కొలిమికే వెళ్లాలా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు 2021లో వచ్చిన రెండు నిర్ణయాల్లో ఉంది. ఆ జూలైలో కేంద్రం 50 ఏళ్లు నిండిన వాహనాలను వింటేజ్‌గా గుర్తిస్తూ నిబంధనలు తెచ్చింది. ఆ మరుసటి నెలలోనే పాత వాహనాల తుక్కు విధానాన్ని ప్రారంభించింది. అంటే పదిహేనేళ్లకు బండిని అనుమానంగా చూస్తారు, యాభై ఏళ్లకు గౌరవిస్తారు. మధ్యలో 35 ఏళ్లున్నాయి. ఆ 35 ఏళ్లూ బండికి మార్కెట్లో విలువ ఉండదు, చట్టంలో రక్ష ఉండదు, ఇంట్లో మర్యాద కూడా ఉండదు. దాన్ని ఆ గట్టు నుంచి ఈ గట్టుకు చేర్చేది ఎవరో ఒక మనిషి మోహం ఒక్కటే. ప్రపంచంలో ఏ మోటారు మ్యూజియం చూసినా, దాని వెనక అలాంటి మనిషే కనిపిస్తాడు.

తొలి మారుతి పడ్డ కష్టం

1983 డిసెంబరు 14న ప్రధాని ఇందిరాగాంధీ చేతుల మీదుగా తొలి మారుతి 800 తాళాలు అందుకున్నది హర్‌పాల్ సింగ్. ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి. మధ్యతరగతి కుటుంబం. ఆ కారు కోసం జనం ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజులవి. ఆయన చివరిదాకా ఆ కారును అమ్మలేదు. 2010లో ఆయన కాలం చేశాక మాత్రం అది ఢిల్లీలో ఇంటి బయట ఎండకు ఎండి, వానకు తడిసి, తుప్పు పట్టింది. దేశం నడకనే మార్చిన కారు వీధిలో చెత్త మాదిరి పడివుంది. ఆ ఫొటోలు బయటికి వచ్చి, బండ్లంటే ప్రాణం పెట్టేవాళ్లు బాధపడి మాట్లాడాక పరిస్థితి మారింది. చివరికి దాన్ని మళ్లీ కొత్తదాని మాదిరి చేసి కంపెనీ తన ప్రధాన కార్యాలయంలో నిలబెట్టింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. హర్‌పాల్ సింగ్ చరిత్రకారుడు కాడు. మ్యూజియం పెట్టాలన్న ఆలోచన కూడా ఆయనకు ఉండి ఉండదు. తన కారును తాను ఇష్టపడ్డాడు, అంతే. ఆ ఇష్టం లేకపోతే 1990ల్లోనే అది ఢిల్లీలో ఏ మాయాపురి తుక్కు బజార్లోనో ముక్కలైపోయేది.

నూనె వాసన

జపాన్‌లో హమామత్సు దగ్గర ఓ పల్లెటూరు. కమ్మరి కొడుకొకడు తన ఊరికి వచ్చిన తొలి మోటారు కారు వెంట పడి పరుగెత్తాడు. కారు ఆగిన చోట నేలమీద నూనె చుక్కలు పడ్డాయి. వాడు వంగి, ముక్కు నేలకు ఆనించి ఆ వాసన పీల్చాడు. నూనెను చేతులకు పూసుకున్నాడు. ఎప్పటికైనా ఇలాంటి బండి నేనే చేస్తాననుకున్నాడు. 1906లో పుట్టిన ఆ పిల్లవాడి పేరు సోయిచిరో హోండా. పదిహేనేళ్లకు టోక్యోలో ఆర్ట్ షోకాయ్ అనే రిపేరు షాపులో చేరితే, మొదట్లో అతనికి అప్పజెప్పిన పని యజమాని పసిబిడ్డను ఆడించడం. అయినా వదిలిపోలేదు. అక్కడ వాళ్లు విమానం ఇంజిను బిగించి తయారుచేసిన కర్టిస్ అనే పందెం కారు ఈనాటికీ మోటెగిలోని హోండా కలెక్షన్ హాల్లో ఉంది.

హెన్రీ ఫోర్డ్ కథ ఇంకా పాతది. 1876లో, పన్నెండేళ్ల వయసులో, తండ్రితో గుర్రబ్బండిలో డెట్రాయిట్ వైపు వెళ్తుంటే ఎదురుగా ఓ ఆవిరి ఇంజిను తనంతట తానే రోడ్డు మీద నడిచి వచ్చింది. తండ్రి గమనించేలోపే పిల్లవాడు బండి దూకి ఇంజిను నడిపేవాడితో మాటలు కలిపాడు. కుర్రతనంలో ఫోర్డ్ పొలాల్లో నడిపిన వెస్టింగ్‌హౌస్ ఆవిరి ఇంజిను ఒకటుంది. నంబరు 345. కోటీశ్వరుడయ్యాక ఆయన ఆ నంబరున్న ఇంజినునే వెతికించి, కొని, బాగుచేయించి దగ్గర పెట్టుకున్నాడు. చరిత్రంటే ఉత్తమాటలని 1916లో కొట్టిపారేసిన మనిషే 1929లో డియర్‌బోర్న్‌లో అమెరికాలోకెల్లా పెద్ద మ్యూజియాల్లో ఒకదాన్ని ప్రారంభించాడు. లక్షల కొద్దీ కొత్త కార్లు చేసిన చేతికి తన బాల్యం నాటి ఆ ఒక్క పాత ఇంజిను కావాల్సి వచ్చింది.

ఎంజో ఫెరారీకి పదేళ్లప్పుడు, 1908లో, తండ్రి బొలోన్యాలో కార్ల పందేలు చూపించాడు. ఫెలీచే నజారో గెలిచాడు. మిగతా కథ అందరికీ తెలిసిందే.

ఈ ముగ్గురికీ, మన నాయుడికీ కలిసే అంశం ఒకటుంది. బండి వాళ్లకు పుస్తకంలోనో, షోరూము అద్దం వెనకో ఎదురుపడలేదు. ఒంటికి తగిలింది. వాసనగా, చప్పుడుగా, వేడిగా, దుమ్ముగా తగిలింది. ఇవాళ పాత బండ్లను ప్రాణంగా చూసుకునే వాళ్లను ఎవరినైనా కదిపి చూడండి. మొదట మోడల్ పేరు చెప్పరు. ‘నాన్న ఒళ్లో కూర్చుని స్టీరింగు పట్టుకున్నా’, ‘తాతయ్య అంబాసిడర్లో వెనక సీటు మీద నిద్రపోయేవాళ్లం’, ‘మామయ్య హ్యాండిల్ తిప్పుతుంటే నేను పక్కన నిలబడి లెక్కపెట్టేవాణ్ని’ అంటారు. ఎండలో వేడెక్కిన రెక్సిన్ సీటు వాసన, చోకు లాగినప్పుడు ఇంజిను గొంతు సవరించుకున్న చప్పుడు, గేరు పడేటప్పుడు నాన్న మోచెయ్యి కదలిక. ఆ వయసులో ఒంటికి పట్టింది ఊడిపోదు.

కారులో మిగిలిన తండ్రి

ఇంగ్లండులో బ్యూలీ అనే చోట మాంటేగ్ వంశం వారి పాత భవనం ఉంది. 1929లో ఆ ఇంటి పెద్ద జాన్ మాంటేగ్ పోయేనాటికి కొడుకు ఎడ్వర్డ్‌కు రెండేళ్లు. తండ్రి ముఖం కూడా సరిగా గుర్తులేదు. పెరిగే కొద్దీ తండ్రి గురించి తెలిసింది ఒక్కటే: ఆయనకు మోటార్లంటే పిచ్చి. కార్లను ధనవంతుల ఆటవస్తువులని జనం ఈసడించే రోజుల్లోనే ఆయన 1902లో కార్ల కోసం ప్రత్యేకంగా పత్రిక నడిపాడు. పార్లమెంటులో మోటారుదారుల తరఫున వాదించాడు.

ఆస్తి చేతికొచ్చాక ఎడ్వర్డ్‌కు భవనం ఖర్చు మోయడం గగనమైంది. 1952లో టిక్కెట్టు పెట్టి జనానికి తలుపులు తెరిచాడు. తండ్రి గుర్తుగా ఏదైనా ఉంచాలనుకున్నాడు. భవనం ముందు హాల్లో నాలుగైదు పాత కార్లు నిలబెట్టాడు. నూనె ఓడుతూ, పాత రాతి నేల మీద మరకలు చేస్తూ నిలబడ్డ ఆ కార్లే నేటి బ్రిటన్ నేషనల్ మోటార్ మ్యూజియం. 1972లో దానికి ఆ పేరు, పెద్ద భవనం వచ్చాయి. ఎడ్వర్డ్ 2015లో చనిపోయేదాకా దానికోసమే బతికాడంటే అతిశయోక్తి కాదు. తనకు దక్కని తండ్రిని ఆయన కార్లలో వెతుక్కున్నాడని నాకనిపిస్తుంది. పాత వాహనాల మీద మోహం వెనక చాలాసార్లు ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషి లేకపోవడం ఉంటుంది.

ఈ కథకు మన దేశంతో ఓ విషాదపు ముడి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో జాన్ మాంటేగ్‌ను భారత ప్రభుత్వానికి మోటారు రవాణా సలహాదారుగా వేశారు. ఆ ఉద్యోగం మీద ఎస్ఎస్ పర్షియా ఓడలో వస్తుండగా, 1915 డిసెంబరు 30న మధ్యధరా సముద్రంలో జర్మన్ జలాంతర్గామి ఆ ఓడను ముంచేసింది. ఆయన బతికాడు. వెంట వస్తున్న కార్యదర్శి ఎలినార్ థార్న్‌టన్ మునిగిపోయింది. రోల్స్‌రాయిస్ బానెట్ మీద ముందుకు వంగి, వస్త్రం రెక్కల మాదిరి విప్పుకొని నిలబడే స్త్రీమూర్తిని చూస్తుంటాం కదా. శిల్పి చార్లెస్ సైక్స్ ఆ బొమ్మకు నమూనాగా తీసుకున్నది ఆమెనే అని చెబుతారు. ఈ సంగతి తెలిశాక ఆ బొమ్మను ఇంతకుముందు చూసినట్టు చూడలేం. కార్ల చరిత్ర మనిషిని పట్టుకుని వదలకపోవడానికి ఇలాంటి ముడులే కారణం. బానెట్ మీది బొమ్మను కదిపితే సముద్రంలో మునిగిన ఓడ బయటపడుతుంది.

【బాక్స్】 మందుల షాపులో పెట్రోలు

కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల మోటారు బండికి పేటెంటు దరఖాస్తు పెట్టింది 1886 జనవరి 29న. బండి తయారైంది గానీ కొనేవాళ్లు లేరు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా, కొడుకులు యూజెన్, రిచర్డ్‌లను ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి పుట్టిల్లున్న ఫోర్జ్‌హైమ్‌కు బయల్దేరింది. దాదాపు 106 కిలోమీటర్లు. దారిలో వీస్‌లోఖ్‌లోని మందుల షాపులో ఇంధనం కొంది. గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి తీసింది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ప్రపంచంలో మొట్టమొదటి సుదూర కారు ప్రయాణం చేసింది ఒక స్త్రీ. దారిలో రిపేర్లు చేసుకుందీ ఆమే.

అమ్మ పేరు మీద దాచిన కార్లు

మోహం ఎప్పుడూ ముచ్చటగానే ఉండదు. ఫ్రాన్స్‌లోని ములూజ్ పట్టణం కథ చెప్పకపోతే ఈ కథనం సగమే అవుతుంది.

హాన్స్, ఫ్రిట్జ్ ష్లుంఫ్ అన్నదమ్ములు. ఉన్ని మిల్లుల యజమానులు. తల్లి జాన్ అంటే ఇద్దరికీ దైవం. ఫ్రిట్జ్‌కు చిన్ననాటి నుంచీ బుగాటీ కార్లంటే పిచ్చి. ఆ కార్లు తయారైన మోల్‌షైమ్ వాళ్ల ఊరికి పెద్ద దూరం కాదు. 1960ల్లో ఫ్రిట్జ్ కొనడం మొదలుపెట్టాడు. ఎక్కడ బుగాటీ ఉందంటే అక్కడికి ఉత్తరం వెళ్లేది. 1964లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో షేక్‌స్పియర్ అనే సేకర్త నుంచి ఒకేసారి 30 బుగాటీలు కొన్నాడు. వాటిని రైలెక్కించి, ఓడెక్కించి తెప్పించాడు. మిల్లు షెడ్లలోనే రహస్యంగా మెకానిక్కులను పెట్టి బాగుచేయించాడు. లోపల పారిస్ వంతెన మీది దీపస్తంభాల నమూనాలో వందల కొద్దీ దీపాలు నిలబెట్టాడు. ఊళ్లో ఎవరికీ చూపించలేదు. మ్యూజియాన్ని అమ్మకు అంకితం చేయాలనుకున్నాడు.

ఇంతలో బట్టల పరిశ్రమ కుప్పకూలింది. కార్మికుల కొలువులు పోయాయి. అన్నదమ్ములు సరిహద్దు దాటి స్విట్జర్లాండులోని బాసెల్‌కు చేరారు. 1977 మార్చి 7న కార్మికులు తలుపులు తెరుచుకుని లోపలికి వెళ్లారు. తమకు జీతాలివ్వడానికి డబ్బు లేదన్న చోట 400కు పైగా కార్లు తళతళలాడుతూ నిలబడి ఉన్నాయి. వాటిలో వందకు పైగా బుగాటీలే.

ఆ క్షణంలో వాళ్ల కడుపుమంటను ఎవరు తప్పుపట్టగలరు? అయినా వాళ్లు ఆ కార్లను ధ్వంసం చేయలేదు. ఆ చోటుకు ‘కార్మికుల మ్యూజియం’ అని పేరు పెట్టి, రెండేళ్లపాటు జనానికి తామే చూపించారు. 1978లో ప్రభుత్వం ఆ సేకరణను చారిత్రక సంపదగా ప్రకటించి, ముక్కలుగా అమ్ముడుపోకుండా కాపాడింది. 1982లో అది జాతీయ మ్యూజియంగా తెరుచుకుంది. ఫ్రిట్జ్ ష్లుంఫ్ ప్రేమ నిజమైనది. ఆ ప్రేమకు మూల్యం కట్టిందీ, చివరికి ఆ సంపదను కాపాడిందీ మాత్రం మిల్లు కూలీలు. ములూజ్ వెళ్లేవాళ్లు బుగాటీల ముందు నిలబడినప్పుడు ఆ కూలీలను కూడా తలుచుకోవాలి.

ఛాసిస్ నంబరు చెప్పే కథ

ఇష్టం ఎప్పుడు చరిత్రగా మారుతుంది? బండిని తుడిచి మెరిపించడంతో ఆగిపోతే అది ముచ్చటే. ‘ఇది ఎవరిది? ఎవరు చేశారు? ఎక్కడెక్కడ తిరిగింది?’ అన్న ప్రశ్న పుట్టిన రోజున మనిషి మారిపోతాడు. స్పానరు పక్కన కాగితాలు చేరతాయి.

మన హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపుపచ్చ రోల్స్‌రాయిస్‌నే తీసుకోండి. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆ రోజుల్లో రోల్స్‌రాయిస్ కంపెనీ పూర్తి కారు చేసేది కాదు. ఇంజిను, చక్రాలు, ఛాసిస్ మాత్రమే ఇచ్చేది. పైన బాడీ కట్టేది వేరే సంస్థ. ఈ కారుకు బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. నిజాం నవాబు గారు జనానికి కనిపించేలా వెనక సీటును సింహాసనం మాదిరి ఎత్తుగా అమర్చారు. ఆర్డరిచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అంటారు. ఆయన 1911లోనే కన్నుమూశారు. కారు ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ హయాంలో వచ్చింది. అంత సోకైన కారు నడిచింది మాత్రం చాలా తక్కువ. ఇలాంటి కారు గురించి ఒక్క మాట రూఢి చేసుకోవాలంటే ఛాసిస్ నంబరు కావాలి, బాడీ కట్టినవాళ్ల పలక కావాలి, ఫ్యాక్టరీ నాటి కార్డు కావాలి, నాటి ఫొటో కావాలి. బ్రిటన్‌లో రోల్స్‌రాయిస్ అభిమానుల సంఘం పాత ఛాసిస్‌ల రికార్డులను భద్రంగా ఉంచింది. అందుకే నూరేళ్ల తర్వాత కూడా ఫలానా కారు ఎవరికోసం తయారైందో చెప్పగలుగుతున్నారు.

అమెరికాలో 1969లో పెన్సిల్వేనియాలోని హెర్షీలో ఇలాంటి కాగితాల మనుషులంతా కలిసి సొసైటీ ఆఫ్ ఆటోమోటివ్ హిస్టారియన్స్ పెట్టుకున్నారు. మంచి మోటారు చరిత్ర గ్రంథానికి వాళ్లిచ్చే పురస్కారానికి నికోలా జోసెఫ్ కూన్యో పేరు పెట్టారు. 1770 ప్రాంతంలోనే ఫ్రాన్స్‌లో ఆవిరితో నడిచే మూడు చక్రాల బండి చేసిన సైనిక ఇంజినీరు ఆయన. ఆ బండి ఇప్పటికీ పారిస్ మ్యూజియంలో ఉంది.

మన దేశంలో రాజుల కార్ల చరిత్రను రాసినవారిలో బర్వానీ రాజవంశానికి చెందిన మన్వేంద్రసింగ్ ముఖ్యులు. 1971 చివర్లో రాజభరణాలు రద్దయ్యాక సంస్థానాల గ్యారేజీల్లోంచి ఎన్నో కార్లు కారుచవకగా బయటికొచ్చాయి. చాలావరకు విదేశాలకు తరలిపోయాయి. తర్వాత ప్రభుత్వం ఎగుమతి ఆపింది. ఇక్కడ మిగిలినవి మిగలడానికి కారణం అహ్మదాబాద్ దగ్గర కథ్వాడాలో తన ఎస్టేటు నిండా కార్లు చేర్చిన ప్రాణ్‌లాల్ భోగీలాల్ లాంటివాళ్ల మొండితనమే.

【బాక్స్】 ప్రధాని అప్పు

లాల్‌బహదూర్ శాస్త్రి ప్రధానిగా ఉండగా కుటుంబం కోసం ఫియట్ కారు కొందామనుకున్నారు. ధర 12,000 రూపాయలు. బ్యాంకులో ఉన్నది 7,000. మిగతా 5,000 పంజాబ్ నేషనల్ బ్యాంకులో అప్పు చేశారు. 1966 జనవరిలో తాష్కెంట్‌లో ఆయన హఠాత్తుగా మరణించారు. ఆ అప్పును భార్య లలితాశాస్త్రి తన పెన్షన్లోంచి తీర్చారు. ఆ కారు ఢిల్లీలోని శాస్త్రి స్మారకంలో ఉంది.

మన గడప దగ్గర

మనకు రోల్స్‌రాయిస్‌ల కన్నా బస్సుల చరిత్ర దగ్గరిది. 1932 జూన్‌లో నిజాం స్టేట్ రైలు, రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. నేటి రెండు ఆర్టీసీలకూ అదే మూలం. ఆనాటి ఆల్బియన్ బస్సు ఒకటి ఆర్టీసీ దగ్గర ఇప్పటికీ ఉంది. దాని బానెట్ ముందు నిలబడితే మన తాతముత్తాతల పెళ్లి ప్రయాణాలు, ఆసుపత్రి ప్రయాణాలు, తొలి ఉద్యోగాలు గుర్తొస్తాయి. ఇప్పుడు ప్రభుత్వ వాహనాలకు 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ పొడిగించరు. 2023 ఏప్రిల్ నుంచి అదే నియమం. 1970ల, 80ల నాటి ఎర్రబస్సు ఒక్కటైనా పూర్తి రూపంలో నిలబెట్టుకోకపోతే మన పిల్లలకు దాన్ని సినిమాల్లో మాత్రమే చూపించగలం. ఆర్టీసీలు ఒక్కో దశాబ్దానికి ఒక్కో బస్సును దాచిపెట్టడం పెద్ద ఖర్చు కాదు.

హైదరాబాద్ జూపార్కు దగ్గర బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉంది. క్రికెట్ బంతి, బూటు, కెమెరా, చదరంగం పావు ఆకారాల్లో నడిచే కార్లు. కె.సుధాకర్ బడి రోజుల నుంచే తుక్కు సామానుతో బండ్లు కట్టడం మొదలుపెట్టారు. 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున్న మూడు చక్రాల సైకిలుతో గిన్నిస్‌కెక్కారు. 2010లో మ్యూజియం తెరిచారు. పాత కార్ల చరిత్ర అక్కడ పెద్దగా దొరకదు. అక్కడికొచ్చిన పిల్లల కళ్లు చూస్తే మాత్రం ఓ సంగతి తెలుస్తుంది. వాళ్లలో ఎవరో ఒకరు ఇంటికెళ్లి తమ సైకిలు విప్పడం ఖాయం.

ఇక విజయవాడ ఆటోనగర్. లారీ బాడీలు కట్టే టింకరింగ్ మేస్త్రులు, పెయింటర్లు, ఇంజిను మెకానిక్కులు తరాలుగా అక్కడే ఉన్నారు. స్కానరు తగిలించకుండా, ఇంజిను మీద చెవి ఆనించి ఏ వాల్వు దగ్గర తేడా ఉందో చెప్పే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. అంబాసిడర్ ఇంజినును కళ్లు మూసుకుని దించి ఎక్కించగలరు. వాళ్లు కూడా మోటారు చరిత్రకారులే. వాళ్ల చరిత్ర ఎక్కడా రాసి లేదన్నదే తేడా. వాళ్ల కొడుకులు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లారు. ఆ చదువు చదివించిందీ ఆ గ్రీజు చేతులే. అందుకు సంతోషించాలి. ఆ చేతుల్లో ఉన్న విద్య వాళ్లతోనే పోతుందన్న దిగులు మాత్రం తప్పదు.

అంబాసిడర్ సంగతీ అంతే. బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివర్లో మొదలై 2014 మేలో ఆగిపోయింది. కలెక్టరు దిగినా, పెళ్లికూతురు దిగినా, రోగి దిగినా అదే కారు. ఎంతో సామాన్యంగా కనిపించేది కాబట్టే ఎవరూ దాచుకోలేదు. ముంబైలో చివరి పద్మినీ ట్యాక్సీ 2023 అక్టోబరులో రోడ్డు దిగినప్పుడు ఆ నగరం కన్నీళ్లు పెట్టుకుంది. అప్పటికి దాచుకోవడానికి మిగిలినవి వేళ్లమీద లెక్కపెట్టేన్ని. అరుదైన వస్తువును ఎవరైనా కాపాడతారు. ఇంటింటా ఉన్నదాన్ని కాపాడటానికే నిజమైన ముందుచూపు కావాలి.

【బాక్స్】 మీ బండి వింటేజ్ అవుతుందా?

తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు నిండాలి. వాణిజ్య వాహనం కాకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజినుల్లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్తగా రిజిస్టరు చేయించడానికి 20,000 రూపాయలు, తర్వాత పునరుద్ధరణకు 5,000. కొత్త రిజిస్ట్రేషన్ గడువు పదేళ్లు. నంబరులో రాష్ట్రం కోడ్ తర్వాత ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ముందే రిజిస్టరై ఉన్న బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు. రోజువారీ ప్రయాణానికి వాడకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, ఇంధనం, మరమ్మతుల కోసం రోడ్డెక్కించవచ్చు.

తుక్కు కాటా ఎక్కించే ముందు

ఇదంతా డబ్బున్నవాళ్ల వ్యవహారం అని చాలామంది అనుకుంటారు. కార్లు సేకరించడానికి డబ్బు కావాలి, నిజమే. చరిత్ర సేకరించడానికి అక్కర్లేదు. హోటల్లో సర్వరుగా పనిచేసిన నాయుడు దగ్గర ఏముంది? నోటు పుస్తకం, ఫోను, అడిగే ఓపిక ఉంటే ఎవరైనా మొదలుపెట్టవచ్చు.

మీ ఇంట్లో, మీ ఊళ్లో షెడ్డులో పాత బండి ఉంటే తుక్కు కాటా ఎక్కించే ముందు ఈ పనులు చేయండి. ఛాసిస్ నంబరు, ఇంజిను నంబరు రాసి పెట్టుకోండి. నాలుగు వైపులా, బానెట్ ఎత్తి, లోపలి సీట్లతో సహా ఫొటోలు తీయండి. పాత ఆర్సీ పుస్తకం, ఇన్సూరెన్సు కాగితాలు, బ్రేకు ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టిన ఫిట్‌నెస్ కాగితం, కొన్ననాటి బిల్లు ఏవి దొరికినా పారేయకండి. ఆ బండి ముందు దిగిన కుటుంబం ఫొటో వెనక ఏడాది, ఊరు, ఫొటోలో ఉన్నవాళ్ల పేర్లు రాయండి. బండి అమ్మక తప్పకపోతే అమ్మండి, కాగితాల నకళ్లు మాత్రం దగ్గరుంచుకోండి. 1976లో రిజిస్టరైన బండికి 2026లో యాభై నిండుతాయి. మీ దగ్గరున్నది దానికి దగ్గర్లో ఉంటే ఇంకొంచెం ఓపిక పట్టండి.

అన్నిటికన్నా ముందు, దాన్ని నడిపిన డ్రైవరు గారు, బాగుచేసిన మేస్త్రి గారు ఇంకా ఉంటే ఈ వారమే వెళ్లి కలవండి. వాళ్లు చెప్పేదంతా ఫోనులో రికార్డు చేయండి. బండి మరో పదేళ్లు షెడ్డులో ఆగుతుంది, ఆ పెద్దవాళ్లు ఆగలేరు.